కోనసీమ డిగ్రీ కాలేజీలో బయోమెడికల్ రీసెర్చ్ ట్రైనింగ్: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎవరిని తీసుకోవాలి?

ప్రశ్న క్లుప్తంగా: "కోనసీమలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతున్నాను. మా పిల్లల్లో ఎక్కువ మంది ఎస్సీ, మత్స్యకార కుటుంబాల వాళ్లు. ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి తరం. వాళ్లకు బయోమెడికల్ రీసెర్చ్‌లో శిక్షణ ఇవ్వాలని ఉంది. ల్యాబ్‌లో మైక్రోస్కోపులు, ఒక ఇంక్యుబేటర్ తప్ప పెద్దగా ఏమీ లేవు. ప్రిన్సిపల్ గారు చేయమన్నారు, డబ్బు మాత్రం లేదన్నారు. ఎలా మొదలుపెట్టాలి?"

మేడమ్, నమస్తే. గోదావరికి అటూ ఇటూ ఉన్న కాలేజీల్లో జువాలజీ, మైక్రోబయాలజీ చెబుతూ, డిగ్రీ పిల్లల చేత ప్రాజెక్టులు చేయించడంలోనే నా సర్వీసు చాలావరకు గడిచింది. మీరు రాసిన పరిస్థితి బాగా తెలిసినదే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ దగ్గరున్న సామాను మొదటి ఏడాదికి సరిపోతుంది. మీరు గట్టిగా పట్టుకోవలసింది వారానికి ఒక గంట. ఆ గంటలో మీరు, ఆరేడుగురు పిల్లలు, వాళ్ల నోట్‌బుక్కులు, అంతే. కాలేజీకి గ్రేడు ఇచ్చే నాక్ పని ఉన్నా, అడ్మిషన్ల డ్యూటీ పడినా, ఎన్నికల ట్రైనింగ్ వచ్చినా అది పోకూడదు. తప్పనిసరైతే అదే వారంలో ఇంకో రోజుకు మార్చుకోండి. నేను చూసినంతలో పరికరాలు లేక ఆగిపోయిన ప్రాజెక్టులు తక్కువ. గైడు వరసగా రెండు మూడు వారాలు కనిపించక ఆగిపోయినవి చాలా ఎక్కువ. ఇంట్లో చదువుకున్నవాళ్లున్న పిల్లవాడు గైడు దొరక్కపోయినా అన్ననో బాబాయినో అడిగి నెట్టుకొస్తాడు. మీ పిల్లలకు అడగడానికి మీరొక్కరే ఉన్నారు. మీరు కనిపించకపోతే వాళ్లు ఏమీ అనరు. మేడమ్‌కి పని ఉంది కాబోలు అనుకుని, నెమ్మదిగా మానేస్తారు.

ఎవరిని తీసుకోవాలి అన్నది రెండో మాట. నోటీసు బోర్డులో కాగితం అంటిస్తే క్లాసు టాపర్లు, టౌన్‌లో ఉండేవాళ్లు వస్తారు. వాళ్లను వద్దనక్కర్లేదు. కానీ గోదావరి మధ్యలోని లంక ఊరి నుంచి వచ్చే అమ్మాయి ఆ నోటీసు చదివి, ఇది మనకు కాదులే అనుకుని బస్సెక్కేస్తుంది. అలాంటివాళ్లను పేరు పెట్టి పిలవాలి. "నువ్వు రావాలమ్మా, నిన్ను దృష్టిలో పెట్టుకునే అడుగుతున్నా" అని ఎదురుగా చెప్పాలి. ఒకసారి చెబితే సిగ్గుపడతారు, రెండోసారి చెబితే వస్తారు.

మార్కులు అడగకండి, పాసైతే చాలు. ఒకే ఒక్క ప్రశ్న వేయండి: మీ ఊళ్లో నువ్వు గమనించిన సంగతి ఒకటి చెప్పు, అది ఎందుకలా జరుగుతోందని నీకనిపిస్తోంది? చెరువు లీజుకు చేసే రైతు కొడుకైతే, తెల్లవారుజామున రొయ్య పైకి తేలడం గురించి చెబుతాడు. మబ్బు పట్టిన రోజున నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఎక్కువసేపు ఎందుకు తిప్పాలో చెబుతాడు. రాత్రిపూట కిరణజన్య సంయోగక్రియ ఉండదు. నాచు, రొయ్య, అడుగునున్న బురదలో బాక్టీరియా అన్నీ కలిసి ఆక్సిజన్ వాడేస్తాయి. తెల్లారేసరికి నీళ్లలో ఆక్సిజన్ అడుగంటుతుంది. ఆ కుర్రాడికి ఈ మాటలు రాకపోవచ్చు. వాతావరణాన్ని చూసి చెరువులో ఏం జరగబోతోందో ముందే చెప్పగలడు. పరిశోధనకు కావలసిన చూపు అదే, పరీక్షల్లో దానికి మార్కులు ఉండవు.

ఈ విషయంలో అమెరికా అనుభవం ఒకటి చూడదగ్గది. బాల్టిమోర్ దగ్గరున్న యూఎంబీసీ (యూనివర్సిటీ ఆఫ్ మేరీల్యాండ్, బాల్టిమోర్ కౌంటీ)లో ఫ్రీమన్ హ్రబోవ్‌స్కీ 1988లో మేయర్‌హాఫ్ స్కాలర్స్ ప్రోగ్రాం మొదలుపెట్టారు. సైన్స్‌లో పీహెచ్‌డీ దాకా వెళ్లే నల్లజాతి విద్యార్థులు బాగా తక్కువగా ఉన్నారని, వాళ్ల కోసం పెట్టింది. స్కాలర్‌షిప్ చేతిలో పెట్టి వదిలేయలేదు. కాలేజీ తెరవకముందే వేసవిలో బ్యాచ్ మొత్తాన్ని ఒకచోట ఉంచి చదివించారు. గుంపుగా చదువుకోవడం అలవాటు చేశారు. తొందరగా ల్యాబుల్లోకి పంపారు. తల్లిదండ్రులను కలుపుకుపోయారు. తర్వాత ఇతర యూనివర్సిటీలు కూడా ఆ పద్ధతి అందిపుచ్చుకున్నాయి. అక్కడ ఎంపిక మాత్రం మంచి మార్కులున్న పిల్లల్లోంచే జరుగుతుంది. మనం దాన్ని పక్కన పెట్టి, గుంపు పద్ధతి తీసుకుందాం. ఒక్కడే దళిత కుర్రాడు, ఒక్కతే లంక అమ్మాయి ఉండేలా బ్యాచ్ చేయకండి. ఒంటరిగా ఉన్నవాళ్లు ముందు మానేస్తారు. కనీసం ముగ్గురు నలుగురు ఒకే రకం ఇళ్ల నుంచి వచ్చినవాళ్లుంటే, ఒకరు రాకపోయినా ఇంకొకరు ఇంటికెళ్లి లాక్కొస్తారు.

ఇక టైము. కాలేజీ అయ్యాక నాలుగున్నర నుంచి ల్యాబ్ అని పెట్టారనుకోండి, ఆఖరి బస్సు మీద ఆధారపడ్డవాళ్లు, సఖినేటిపల్లి రేవులాంటి చోట పంటు దాటాల్సినవాళ్లు, ఆడపిల్లలు ఉండలేరు. పని గంటల మధ్యలో, మధ్యాహ్నం ప్రాక్టికల్ పక్కనే ఇరికించండి. జూలై నుంచి సెప్టెంబరు దాకా వరదొస్తే లంకలకు దారి ఉండదు, ఆ వారాల్లో రాలేదని పేరు కొట్టేయకండి. సార్వా కోతలకు, దాళ్వా కోతలకు కొందరు పొలం వెళ్తారు. ఆదివారాలు కుర్రాళ్లు కేటరింగ్‌కి, ఆడపిల్లలు రొయ్యల షెడ్డుకి తలలు తీయడానికి వెళ్తారు. ఆ రోజు కూలి ఇంట్లో లెక్కలో ఉంటుంది. కాబట్టి ఆదివారం ఫీల్డ్ వర్క్ పెట్టడమంటే వాళ్ల కూలి తీసేయడమే. సంక్రాంతి వారంలో ఏమీ పెట్టకండి, ఎవరూ రారు, రావాలని కోరుకోవడం కూడా న్యాయం కాదు.

ఇళ్లకు ఒకసారి వెళ్లండి. మన వైపు చాలా ఇళ్లలో అమ్మ కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటుంది, పిల్లని అమ్మమ్మ చూసుకుంటూ ఉంటుంది. మీరు అమ్మమ్మతో మాట్లాడి రండి, వీలైతే ఇమో వీడియో కాల్‌లో ఆ తల్లితో కూడా రెండు మాటలు మాట్లాడండి. "దీనివల్ల ఉద్యోగం వస్తుందాండీ?" అని అడుగుతారు. ఉన్నదున్నట్టు చెప్పండి. ఒక్క ప్రాజెక్టుతో ఉద్యోగం రాదు. ఎమ్మెస్సీ సీటుకి, ఆక్వా ల్యాబుల్లో, ఫార్మా కంపెనీల్లో క్వాలిటీ విభాగాల పనికి ఇది ఉపయోగపడుతుంది. చదువు ఇంకో రెండేళ్లు సాగితే పెళ్లి తొందర కొంత తగ్గుతుంది. టీచరమ్మ ఇంటికొచ్చి అడిగిందన్న మాట మాత్రం ఆ ఇంట్లో చాలాకాలం పనిచేస్తుంది.

ప్రాజెక్టు సంగతికొద్దాం. కొత్తగా మొదలుపెట్టే చాలామంది యాంటీబయాటిక్ రెసిస్టెన్స్ (బాక్టీరియా మందులకు లొంగకపోవడం) అనో, క్యాన్సర్ కణాల మీద ఆకు రసమనో ఎత్తుకుంటారు. మొదటి ఏడాది వద్దు. సూదితో రక్తం తీయనిది, సూక్ష్మజీవుల కల్చర్ పెంచనిది, పైసా ఖర్చు లేనిది, అయినా నిజమైన ప్రజారోగ్య ప్రశ్న ఉన్నది కావాలి. కోనసీమలో అది రోడ్డు పక్కనే ఉంది. తాగి పారేసిన బొండాం డొక్కలు, కొబ్బరి చిప్పలు, పశువుల పాకలో నీళ్ల గాబు, ఫ్రిజ్ వెనకాల ట్రే, పాత టైర్లు, టార్పాలిన్ మడతలు. డెంగీ మోసే ఏడిస్ దోమ వీటిలోనే గుడ్లు పెడుతుంది. ప్రశ్న ఇలా పెట్టుకోవచ్చు: మా ఊళ్లో ఏడిస్ దోమ ఎక్కువగా పుట్టేది ఏ రకం పాత్రలోంచి? బొండాం డొక్కల్లోంచా, ఇళ్లలోని గాబుల్లోంచా? దీనికి జవాబు ముందే తెలుసని ఎవరూ చెప్పలేరు, ఊరిని బట్టి, నెలను బట్టి మారుతుంది. పంచాయతీకి ఆ జవాబు అవసరం కూడా.

పద్ధతి తేలిక. ఇంటింటికీ వెళ్లి నీళ్లు నిలిచిన పాత్రలన్నీ లెక్కపెట్టాలి, లార్వాలు (గుడ్డులోంచి వచ్చిన దోమ పిల్లలు) ఉన్నవెన్నో రాసుకోవాలి. మూడు సూచికలు లెక్క కట్టాలి. లెక్క కోసం ఊహించుకుందాం: 80 ఇళ్లు చూశారు, 12 ఇళ్లలో లార్వాలు దొరికాయి. అంటే హౌస్ ఇండెక్స్ 15 శాతం. మొత్తం 320 పాత్రల్లో 20 పాజిటివ్ వచ్చాయి, కంటైనర్ ఇండెక్స్ 6.25 శాతం. పాజిటివ్ పాత్రలు 80 ఇళ్లకు 20 అయితే 100 ఇళ్లకు 25, అదే బ్రెటో ఇండెక్స్. ఇంటర్‌లో లెక్కలంటే భయపడి బైపీసీ తీసుకున్న పిల్లలు కూడా ఈ లెక్కను తమ ఊరి మీద చేస్తే మర్చిపోరు. ఇంకో మెట్టు ఎక్కాలంటే ప్యూపాలు (లార్వాకూ దోమకూ మధ్య దశ) విడిగా లెక్కపెట్టించండి. లార్వాల్లో చాలా మధ్యలోనే చచ్చిపోతాయి, ప్యూపా దశకొచ్చినవాటిలో ఎక్కువ భాగం దోమలవుతాయి. అందుకని ఏ పాత్ర ఎన్ని దోమల్ని వదులుతోందో ప్యూపాల లెక్క దగ్గరగా చెబుతుంది. పది డొక్కల్లో ఉన్న లార్వాల కంటే ఒక్క గాబులో ప్యూపాలు ఎక్కువుండొచ్చు.

చిన్న డొక్క అయితే తెల్లటి ప్లాస్టిక్ ట్రేలోకి వంపేసి చూడాలి. గాబు అయితే 350 మిల్లీలీటర్లు పట్టే పొడుగు పిడి గరిటె, అంటే డిప్పర్‌తో ముంచాలి. అంత పట్టే తెల్ల మగ్గు ఉన్నా సరే, ఏడాదంతా అదే వాడాలి. నీడ పడగానే లార్వాలు కిందికి జారిపోతాయి కాబట్టి ఎదురుగా వెలుగున్న వైపు నుంచి, నెమ్మదిగా ముంచాలి. ఏడిస్ లార్వాకి గాలి గొట్టం పొట్టిగా, లావుగా ఉంటుంది. క్యూలెక్స్‌కి సన్నగా, పొడుగ్గా ఉంటుంది. రెండూ నీటి ఉపరితలం నుంచి తలకిందులుగా వేలాడతాయి. అనాఫిలిస్‌కి గొట్టమే ఉండదు, నీటికి సమాంతరంగా పడుకుంటుంది. కొన్నింటిని వల కట్టిన సీసాలో దోమలయ్యేదాకా పెంచి చూస్తే జాతి తేలుతుంది. ఛాతీ మీద రెండు పక్కలా వంపు తిరిగిన తెల్ల గీతలుంటే ఏడిస్ ఈజిప్టై, మధ్యలో ఒకే తెల్ల చార ఉంటే ఆల్బోపిక్టస్. వాటిని ఎగరనివ్వకుండా చంపాలి, మిగిలిన లార్వాల నీళ్లు పొడి నేల మీద పారబోయాలి. ఏడిస్ గుడ్లు నీళ్లు లేకుండా నెలల తరబడి బతుకుతాయి కాబట్టి గాబు వంపితే చాలదు, లోపలి అంచులు రుద్ది కడగాలని ఇంటివాళ్లకు చెప్పి రావాలి. వెళ్లేముందు ఊళ్లో ఆశా కార్యకర్తకు, పంచాయతీకి, మలేరియా విభాగానికి ఒక మాట చెప్పండి. ఫ్రైడే డ్రైడే పేరుతో వారానికోసారి నిలవ నీళ్లు పారబోయించేవాళ్లకు మీ పిల్లల లెక్కలు పనికొస్తాయి.

ఇక్కడ ఒక సంగతి దాటవేయలేను. ఊళ్లోకి సర్వేకి వెళ్తే "ఎవరి తాలూకు అబ్బాయివి?" అన్న ప్రశ్న మొదటి అరగంటలోనే వస్తుంది. దళిత పేటలోని కుర్రాడు పెద్దవీధిలో దొడ్డి వైపు వెళ్లి గాబులో చెయ్యి పెడితే ఏమవుతుందో మీకూ తెలుసు. పిల్లలు ఈ అవమానాన్ని ఇంటికి తీసుకెళ్లి మింగేస్తారు, మీకు చెప్పరు. కాబట్టి మొదటి రోజు మీరు వెంట ఉండాలి. కాలేజీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం, మెడలో ఐడీ కార్డు, ఇద్దరిద్దరి జట్లు. సొంత ఊరికి పంపాలా, పక్క ఊరికా అన్నది పిల్లలనే అడగండి. కొందరికి సొంత ఊళ్లో శాస్త్రవేత్తలా నడవాలని ఉంటుంది, కొందరికి అదే నరకం. ఎవరైనా గేటు దగ్గర ఆపితే మళ్లీ బతిమాలనక్కర్లేదు, "అనుమతి ఇవ్వలేదు" అని రాసుకుని వచ్చేయమనండి. అది కూడా డేటానే. వారం గంటలో ఆ సంగతి మీరే ముందు అడగండి. "నిన్న ఎవరైనా ఏమైనా అన్నారా?" అని మీరు మామూలుగా అడిగితేనే వాళ్ల నోట్లోంచి వస్తుంది.

ఇప్పుడు నోట్‌బుక్. మన సైన్స్ చదువులో రికార్డు అన్నదొకటుంది. సీనియర్ రికార్డు చూసి, రంగు పెన్సిళ్లతో బొమ్మలు వేసి, సంతకానికి ఇచ్చేస్తాం. ప్రయోగం ఎలా వచ్చినా రికార్డులో రిజల్ట్ ఒకటే. పిల్లలకు సైన్స్ అంటే అదేనని అలవాటైపోయింది. రీసెర్చ్ నోట్‌బుక్ అందుకు పూర్తిగా విరుద్ధం. అక్కడికక్కడే, పెన్నుతో రాయాలి. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి పక్కన రాయాలి, వైట్‌నర్ పెట్టకూడదు. నీళ్ల చుక్కలు పడ్డా, బురద అంటినా ఫరవాలేదు, ఫెయిర్ చేయకూడదు. మొదటి వారం పిల్లలు సాధారణంగా ఇలా రాసుకొస్తారు: "గాబులో నీళ్లు మురికిగా ఉన్నాయి. లార్వాలు చాలా ఉన్నాయి." కొట్టేయకండి. ఆ పేజీ మధ్యలో పెట్టుకుని అందరినీ అడగండి: చాలా అంటే ఎన్ని? ఎన్నిసార్లు ముంచావు? మూత ఉందా? ఎండలోనా, నీడలోనా? నెల తిరిగేసరికి అదే చేతి రాత ఇలా మారుతుంది: "సిమెంటు గాబు, మామిడి చెట్టు నీడ, మూత లేదు, జానెడు నీళ్లు. 5 ముంచులు. లార్వాలు 3, 0, 7, 2, 0. ప్యూపాలు 1. నీళ్లు మార్చి ఎన్ని రోజులైందో ఇంటావిడకు గుర్తు లేదు." ఈ మార్పు వచ్చిన రోజున ఆ పిల్ల పరిశోధనలోకి వచ్చినట్టే. ఆ సున్నాలు రాయడం చూశారా? దొరకనిదాన్ని కూడా రాయడం పిల్లలకు చాలా కష్టంగా వచ్చే అలవాటు. సున్నా వస్తే మేడమ్ తిడతారేమోనన్న టెన్షన్ ఉంటుంది. సున్నా రాసిన పిల్లని పదిమంది ముందు మెచ్చుకోండి.

వారం గంటలో మీరు పాఠం చెప్పకండి. ఒక్కొక్కరు నిలబడి, తెలుగులోనే, ఈ వారం ఏం చేశాను, ఏం వచ్చింది, ఏది అర్థం కాలేదు అన్న మూడు ముక్కలు చెప్పాలి. మూడోది ముఖ్యం. మన పిల్లలు అన్నిటికీ "సరే మేడమ్" అంటారు. మీరే ముందు "ఇది నాకూ తెలీదు, వచ్చే వారానికి ఇద్దరం చూద్దాం" అని ఒకటి రెండుసార్లు అంటే వాళ్ల నోరు పెగులుతుంది. 2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ మొత్తం ఇంగ్లిష్ మీడియం అయింది. తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్లలకు ఆలోచన ఒక భాషలో, రాత ఇంకో భాషలో నడుస్తోంది. అందుకని ముందు తెలుగులో చెప్పించి, బోర్డు మీద ముక్కలు రాయించి, తర్వాత ఇంగ్లిష్‌లో రాయించండి. రాత పద్ధతుల భాగంతో మొదలుపెట్టించండి, తను స్వయంగా చేసిన పని కాబట్టి వాక్యాలు దొరుకుతాయి. ఇంట్రడక్షన్‌తో మొదలుపెడితే నెట్‌లోంచి కాపీ కొడతారు, ఆ అలవాటు ఒకసారి పడితే వదిలించడం కష్టం.

బోదకాలు మీద చేయిద్దామా అని కూడా మీకు అనిపిస్తుంది, గోదావరి జిల్లాలన్న తర్వాత అనిపించాలి. రాజమండ్రిలో ఎన్‌సీడీసీ (జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం) వారి ఫైలేరియా, అంటే బోదకాలు శిక్షణ, పరిశోధన కేంద్రం ఉంది. ఒక రోజు విజిట్‌కి ఉత్తరం రాయండి. మన దగ్గరి ఫైలేరియా పురుగు పిల్లలు రాత్రిపూటే రక్తంలోకి వస్తాయి, అందుకే సర్వే వాళ్లు రాత్రి వచ్చి రక్తం తీస్తారు. వాటిని మోసే క్యూలెక్స్ దోమ కుట్టేదీ రాత్రే. ఈ పొంతన వింటే పిల్లల కళ్లు పెద్దవవుతాయి. కానీ రక్తం తీయడం మన పిల్లల పని కాదు. మనుషుల నుంచి నమూనా తీసుకున్నా, ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చిందని అడిగి పరిశోధన కోసం రాసుకున్నా, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. డిగ్రీ కాలేజీకి సొంత కమిటీ లేకపోతే ఒప్పందం మీద ఇంకో సంస్థ కమిటీకి పంపుకోవచ్చు. అమలాపురంలో, కాకినాడలో మెడికల్ కాలేజీలున్నాయి, కమ్యూనిటీ మెడిసిన్ విభాగంలో ఒకరిని పరిచయం చేసుకోండి. పెద్ద ఎంఓయూలతో మొదలుపెట్టకండి. "మా పిల్లలు ఆరుగురు వస్తారు, ఒక పూట మీ పని చూపించండి" అంటే కాదనేవాళ్లు తక్కువ.

బోదకాలు మాత్రల రోజు వచ్చినప్పుడు పిల్లలకు ఒక సంగతి చెప్పండి. ఆ డీఈసీ మందు 1940లలో అమెరికాలో లెడర్లీ ల్యాబ్‌లో యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో బయటికొచ్చింది. ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడో ప్రయత్నంలో పాసయ్యారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ఎంబీబీఎస్ బదులు తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ చేతిలో పెట్టారు. బోస్టన్‌లో ఆసుపత్రిలో రాత్రి పోర్టర్ పని చేస్తూ చదువుకున్నారు. మన బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో ఫాస్ఫరస్ అంచనాకు వాడే ఫిస్కే-సుబ్బారో పద్ధతి, 1925 నాటిది, ఆయనదే. మాన్యువల్‌లో ఆ పేరు చదివే పిల్లల్లో చాలామందికి ఆయన మన ఊళ్లవారని తెలియదు.

రెండో ఏడాదికి యాంటీబయాటిక్ రెసిస్టెన్స్‌కి వెళ్లొచ్చు. రొయ్యల చెరువుల ఊళ్లలో పిల్లలకు విబ్రియో బాక్టీరియాను పెంచి చూసే టీసీబీఎస్ ప్లేటు ముందే తెలుసు, నాన్నతో ఆక్వా ల్యాబ్‌కి వెళ్లినప్పుడు పసుపు కాలనీలు, గ్రీన్ కాలనీలు అని విని ఉంటారు. చక్కెర పులియబెట్టే విబ్రియోలు పసుపుగా, పులియబెట్టనివి ఆకుపచ్చగా వస్తాయి. అయితే ఆ పసుపులో కలరా కలిగించే విబ్రియో, ఆ పచ్చలో తిండి ద్వారా విరేచనాలు తెచ్చే పారాహీమోలైటికస్ కూడా ఉండొచ్చు. సరైన బయోసేఫ్టీ ఏర్పాటు లేని డిగ్రీ ల్యాబ్‌లో వాటిని పెంచి, ప్లేట్లు తెరిచి ఆడించకూడదు. మెడికల్ కాలేజీ మైక్రోబయాలజీ వాళ్ల ల్యాబ్‌లో, వాళ్ల పర్యవేక్షణలో చేయించండి. అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీలో జో హాండెల్స్‌మన్ మొదలుపెట్టిన టైనీ ఎర్త్ అనే విద్యార్థుల కార్యక్రమంలో పిల్లలు మట్టిలోంచి యాంటీబయాటిక్ తయారుచేసే సూక్ష్మజీవులను వెతుకుతారు. అక్కడ కూడా పరీక్షకు అసలు వ్యాధికారకాలను వాడరు, వాటికి దగ్గరి చుట్టాలైన హాని లేని జాతులను వాడతారు. ఇంకో జాగ్రత్త: చెరువు యజమాని పేరు, సర్వే నంబరు పోస్టర్ మీద, ఫోన్ ఫొటోల్లో ఎక్కడా రాకూడదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు అనే యాంటీబయాటిక్‌లు ఆక్వాలో నిషేధం. ఎవరి చెరువులో రెసిస్టెన్స్ ఉందన్న మాట బయటికి పొక్కితే సరుకు కొనేవాళ్లు వెనక్కి తగ్గుతారు. ఆ చెరువు మీ విద్యార్థి తండ్రిదే కావచ్చు. చెరువులకు నంబర్లు ఇవ్వండి, ఏ నంబరు ఎవరిదో ఉన్న కాగితం మీ బీరువాలో ఉంచండి.

డిగ్రీ పిల్లలు చేసిన పని ఎక్కడిదాకా వెళ్తుందని ఎవరైనా అడిగితే నేను మడ్డీ గురించి చెబుతాను. అది బాక్టీరియాను తినే ఒక వైరస్, ఫేజ్. 2010లో దక్షిణాఫ్రికా డర్బన్‌లో ఒక విద్యార్థిని కుళ్లిన వంకాయ అడుగున అంటుకున్న మట్టిలోంచి దాన్ని పట్టింది. పిట్స్‌బర్గ్‌లో గ్రహమ్ హాట్‌ఫుల్ నడిపే ఫేజ్ సేకరణలోకి అది చేరింది. ఆ సేకరణలో చాలాభాగం విద్యార్థులు పట్టినవే. లండన్‌లో ఊపిరితిత్తుల మార్పిడి జరిగిన పదిహేనేళ్ల అమ్మాయికి ఏ మందుకీ లొంగని ఇన్ఫెక్షన్ వస్తే, 2018లో మూడు ఫేజ్‌ల మిశ్రమం ఇచ్చారు. అందులో మడ్డీ ఒకటి. అమ్మాయి పరిస్థితి బాగా మెరుగుపడింది, 2019లో ఆ చికిత్స వివరాలు ప్రచురించారు.

ఇక మన దగ్గరున్న దారులు. డిగ్రీలో 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, తర్వాత ఇంటర్న్‌షిప్ ఎలాగూ ఉన్నాయి. చాలాచోట్ల ఇవి ఒక రిపోర్టు బైండింగ్‌తో ముగిసిపోతున్నాయి. మీ దోమల సర్వేని వాటిలోనే పెట్టేయండి, పిల్లలకు క్రెడిట్లు వస్తాయి, అదనపు భారం ఉండదు. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ మిగతా రెండు జాతీయ అకాడమీలతో కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కి పిల్లలూ అర్హులే, లెక్చరర్లూ అర్హులే. రెండు నెలలు దేశంలో ఏదైనా మంచి ల్యాబ్‌లో ఉండొచ్చు, ఫెలోషిప్ డబ్బు, రైలు చార్జీ ఇస్తారు. వేసవికి అయినా దరఖాస్తు ముందటి ఏడాది చివర్లోనే పెట్టాలి, అది తెలియకే మన పిల్లలు జారవిడుచుకుంటారు. ముందు మీరు వెళ్లొచ్చినా మంచిదే, ఆ ల్యాబ్ తలుపు తర్వాత మీ పిల్లలకు తెరుచుకుంటుంది. ఐసీఎంఆర్ షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ గురించి ఎవరైనా చెబితే, అది ఎంబీబీఎస్, బీడీఎస్ వాళ్లకే. సైన్స్ చదివేవాళ్లకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ వస్తున్న పిల్లలెవరైనా ఉంటే, వాళ్లకిచ్చే ఏడాదికి 80,000 రూపాయల్లో 20,000 వేసవి ప్రాజెక్టు కోసమే, అది వృథా కానివ్వకండి. కాలేజీకి పరికరాల డబ్బు కావాలంటే డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ విభాగం) వారి స్టార్ కాలేజ్ పథకం ఉంది. రెండేళ్ల పని చేతిలో పెట్టుకుని అడిగితే ఆ ప్రపోజల్‌కి బరువుంటుంది.

రికమెండేషన్ లెటర్ మీద శ్రద్ధ పెట్టండి. "మంచి ప్రవర్తన కలది, కష్టపడే స్వభావం కలది" అని అందరికీ ఒకటే ఇస్తే ఎంపిక చేసేవాళ్లు చదవను కూడా చదవరు. "జట్టు లెక్కకూ తన లెక్కకూ తేడా వస్తే, ఎవరూ చెప్పకుండానే మర్నాడు ఆ వీధికి వెళ్లి పాత్రలన్నీ మళ్లీ లెక్కపెట్టింది. తేడా ఎక్కడొచ్చిందో నోట్‌బుక్‌లో రాసింది" అని రాస్తే హైదరాబాద్‌లో కూర్చున్న శాస్త్రవేత్తకు ఆ పిల్ల కనిపిస్తుంది. ఇలాంటి వాక్యం రాయగలగాలంటే మీరు ఆ వారం గంటల్లో చూసిందేదో అప్పటికప్పుడు రాసుకుని ఉండాలి. ఒక్కో పిల్లకి మీ దగ్గర ఒక పేజీ పెట్టుకోండి.

ఫెలోషిప్ వచ్చాక కూడా పని ఉంటుంది. అమలాపురానికి రైలు లేదు, రాజమండ్రి వెళ్లి ఎక్కాలి. ఇంతకుముందు జిల్లా దాటని పిల్ల ఒంటరిగా బెంగళూరు వెళ్లాలంటే టికెట్, హాస్టల్, అక్కడ తిండి, మొదటి నెల ఫెలోషిప్ పడేదాకా చేతి ఖర్చు, అన్నీ ప్రశ్నలే. కాలేజీ పూర్వ విద్యార్థుల దగ్గర ఒక చిన్న మొత్తం అప్పుగా తీసి ఉంచండి, ఫెలోషిప్ పడ్డాక తిరిగి కడతారు. అక్కడ చేరాక మొదటి రెండు వారాలు రోజూ ఫోన్ చేయండి. ఎవరితోనూ మాట్లాడలేక, ఇంగ్లిష్ రాక, తిరిగొచ్చేస్తానని ఏడ్చేది అప్పుడే. ఆ రెండు వారాలు దాటితే నిలబడతారు.

మీ కాలేజీలో ఇంకో లెక్చరర్‌ని, కెమిస్ట్రీ అయినా స్టాటిస్టిక్స్ అయినా, ఇందులోకి లాగండి. మీకు ట్రాన్స్‌ఫర్ అయితే ఆ గంట ఆగిపోకూడదు. మొదటి బ్యాచ్‌లో ఫైనలియర్ పిల్లలు ఇద్దరిని తర్వాతి బ్యాచ్‌కి నోట్‌బుక్ నేర్పేవాళ్లుగా పెట్టండి. మీరు చెబితే తలూపుతారు, అక్క చెబితే ఎదురు ప్రశ్న వేస్తారు.

ఈ ఏడాది వానలు మొదలవకముందే సర్వే ఫారం తయారు చేసుకోండి. పాత్ర రకం, నీడ, మూత, నీళ్ల లోతు, లార్వాలు, ప్యూపాలు, అనుమతి ఇచ్చారా లేదా, ఈ గడులు చాలు, ఒక్క పేజీ దాటకూడదు. ముందు కాలేజీ చుట్టూ పది ఇళ్లలో నింపి చూడండి, ఏ గడి పనికిరాలేదో తెలుస్తుంది. ఆ నింపిన ఫారాలు ఇక్కడ పెడితే చూసి చెబుతాను. ఇంటివాళ్ల పేర్లు మాత్రం కొట్టేసి పెట్టండి.